మూడు పేర్ల గోలీ

బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్న రాజం, జ్వరం తగ్గిందనుకున్న రోజే ఇంట్లో వాంతులు చేసుకుంటూ తెలివి తప్పి పడిపోయాడు. కళ్లు పచ్చబడ్డాయి. కొడుకు రఘుపతి సోమవారం సాయంత్రం ఆయనను సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖనిలోని దవాఖానకు తెచ్చాడు. కాలేయం దెబ్బతిన్నదని, జ్వరం మందు మోతాదు మించిందని డాక్టర్ సంధ్యారాణి కాగితం మీద రాసింది. ఆ కాగితంలోని 'మోతాదు మించింది' అన్న ఒక్క మాట రాజం కంటే ముందే కాలనీకి తిరిగి వెళ్లింది. బుధవారం పొద్దున టీ పట్టుకొచ్చిన రఘుపతి, అక్కడ అది ఎలా మారిందో తల్లికి చెప్పలేక చెప్పాడు.

"బాపుకు నువ్వే గోలీలు పోసినవంటున్నరు అవ్వా. నాకు కొలువు వస్తదని."

పూలమ్మ టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఎవలంటున్నరు?"

"క్వార్టర్ల లైనంత అంటున్నరు."

ఆ మాటకు మొదలు లేకపోలేదు. ఇక బాయి పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చితే, ఆ కార్మికుడి బదులు కొడుకును పనిలోకి తీసుకునే పద్ధతి ఉంది. డిగ్రీ చదివి కాంట్రాక్టు లారీ తోలుతున్న రఘుపతి రెండు నెలల కిందట అన్నం తింటూ, "బాపూ, నువ్వు అన్‌ఫిట్ అయితే నాకు కొలువన్న వస్తుండె" అన్నాడు. పూలమ్మ ఆ పూట వాణ్ని కంచం ముందు నుంచి లేపింది. "మీ బాపు మంచిగుండుడు నీకు అడ్డమైందా" అని అడిగింది. రఘుపతి తలదించుకుని బయటికి పోయాడు. రాజం మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు ఇంట్లో ఇంకొక మనిషి కూడా ఉంది. రాజం అక్క కనకవ్వ. కొడుకు అన్న మాట ఆమె వెంట కాలనీలోకి వెళ్లింది. తల్లి అన్న మాట వెళ్లలేదు.

పదకొండు గంటలకు కనకవ్వ దవాఖానకు వచ్చింది. ఆమె వెనక కానిస్టేబుల్ శివ వచ్చాడు. మందు మోతాదు మించిన కేసు కాబట్టి దవాఖాన వాళ్లు స్టేషనుకు తెలిపారు. అతను స్టేట్‌మెంటు రాసుకోవడానికి వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. ఆ వరండాలో ఎవరి పక్కన నిలబడాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాడు.

కనకవ్వ పూలమ్మ పలకరింపుకు బదులివ్వలేదు. "నా తమ్ముడు ఎన్నడన్న గోలీ మింగిన మనిషా?" అని నేరుగా శివనే అడిగింది. "నడుముల నొప్పొస్తే ఉప్పుతోని కాపడం పెట్టుకుని డ్యూటీకి పోయేటోడు. గంత మనిషికి ఇన్ని గోలీలు ఎట్ల పోయినయి కడుపులకు? ఎవలు పెట్టిన్రు చేతుల?"

"నేనే పెట్టిన వదినె" అంది పూలమ్మ. "మందుల షాపాయన జెప్పినన్నే పెట్టిన. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

"చెప్పినన్నే పెడితే లివరు ఎందుకు ఖరాబైతది?"

రెండు రాత్రులుగా పూలమ్మ తనను తాను అడుగుతున్నదీ అదే.

రఘుపతి ఇంటి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. గోలీలు అయిపోయాక ఖాళీ షీటు ముక్కలను పూలమ్మ పారేయదు. మళ్లీ కావాలంటే అదే ముక్క షాపులో చూపించాలి కాబట్టి దాచిపెడుతుంది. సోమవారం హడావుడిలో డాక్టరు ఏం మందు వేశారని అడిగితే, "జరం గోలీ" అని మాత్రమే చెప్పగలిగారు. ఇప్పుడు సంధ్యారాణి వార్డు నుంచి బయటికి రాగానే పూలమ్మ డబ్బా మూత తీసి ఆమె ముందు పట్టింది.

"డాక్టరమ్మా, నేను ఏసినయి గివే. చూసి చెప్పు, నేనేం తప్పు జేసిన్నో."

డబ్బాలో మూడు రకాల ముక్కలున్నాయి. సంధ్యారాణి ఒక్కొక్కటి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. ఒక దాని మీద సగం పేరే ఉంది. ఇంకొక దాని మీద వెనకవైపు చిన్న అక్షరాలు కత్తెరకు తెగిపోయాయి. ఆమె ఫోన్ తీసి ఏవో పేర్లు వెతికింది. ముఖం మారింది.

"ఇవి ఎలా వేశావమ్మా?"

పూలమ్మ బడిపిల్లలా నిలబడి చెప్పింది. పోయిన బుధవారం షాపాయన జ్వరానికి తెల్లవి ఇచ్చాడు. దినాం నాలుగు. గురువారం పడిశానికి పసుపువి ఇచ్చాడు. మూడు పూటలు. శుక్రవారం ఒళ్లు నొప్పులకు ఎర్ర షీటువి ఇచ్చాడు. అవీ మూడు పూటలే. మనిషి నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. రెండు గుక్కల జావ పోసి, దాని మీద గోలీ వేసింది.

"మూడూ ఒకే మందమ్మా" అంది సంధ్యారాణి.

"మూడు రంగులున్నయి గదా."

"రంగులు వేరు, పేర్లు వేరు. లోపల ఉన్నది ఒకటే, పారాసిటమాల్. పడిశం గోలీలో అదే ఉంది, నొప్పుల గోలీలో అదే ఉంది. ఆ రెండింట్లో ఇంకేదో కూడా కలిపారు, అంతే. మంచి ఆరోగ్యంతో ఉన్న పెద్ద మనిషికి కూడా రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. ఒక్కో గోలీ అర గ్రాము. మీ ఆయనకు మూడూ కలిపి రోజుకు పది, అంటే ఐదు గ్రాములు పడింది. శుక్రవారం నుంచి నాలుగు రోజులు అలాగే పడింది. తిండి లేని ఒంట్లో."

ఆమె మాట పూర్తయ్యేదాకా పూలమ్మ కదల్లేదు. తర్వాత బెంచీ మీద కూర్చుంది. భయం కాదు, ఏడుపూ కాదు. రెండు రోజులుగా మోసిన దిగులు కోపంగా మారింది.

"అంటే నేను సరిగ్గ ఏసినందుకే గిట్లయిందా?" అంది. "ఒక పూట మరిచిపోతే మంచిగుంటుండెనా? ఒళ్లు బద్ధకమై ఎయ్యకపోతే మా ఇంటాయన మంచిగుంటుండెనా?"

విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కుతోందని, ఇంకా రెండు రోజులు గడిస్తే కానీ ఏమీ చెప్పలేనని సంధ్యారాణి అంది.

శివ దగ్గరికి వచ్చాడు. "మేడం, మందు ఎక్కువ పడ్డ మాట నిజమే కదా?"

"నిజమే. కానీ తెలియక."

"తెలియక అని ఎట్ల రాయాలె మేడం? ఈమె చెప్పుడు తప్ప ఏముంది?" అతను పూలమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఆ షాపాయన ఒప్పుకుంటడా, అట్ల ఎయ్యుమన్నానని? ఒప్పుకుంటే రాసుకుంట. లేకుంటె ఇక్కడ మీ వదినె చెప్పింది గూడ నేను రాసుకోవాలె."

పూలమ్మ లేచింది. "బండి తియ్యి బిడ్డా" అంది రఘుపతితో.

విజయేంద్ర మెడికల్ షాపు సెంటినరీ కాలనీలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉంది. మంథని నుంచి వచ్చిన విజయేంద్ర ఏడేళ్ల కింద దాన్ని పెట్టాడు. డాక్టరు దగ్గర వరుసలో నిలబడే ఓపిక లేనివాళ్లంతా అక్కడికే వస్తారు. రోగం పేరు చెబితే గోలీ ఇస్తాడు, ఎప్పుడు వేసుకోవాలో నోటితో చెబుతాడు. అతని తండ్రి అనంతరామ్ లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాడు. పొద్దంతా షాపులోనే కూర్చుని కొడుక్కి చేయి సాయం చేస్తుంటాడు.

పూలమ్మ వచ్చేసరికి కౌంటరు ముందు ముగ్గురున్నారు. వాళ్లు ఆమెను చూసి మాటలు ఆపారు. ఆ ఆపడంలోనే తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు అర్థమైంది. డబ్బా మూత తీసి మూడు ముక్కలూ గాజు బల్ల మీద పరిచింది.

"సారూ, గియి నీ దగ్గర్నే తీస్కపోయిన. యాదికున్నదా?"

విజయేంద్ర వాటిని ముట్టుకోలేదు. "రోజుకు ఎంతమంది వస్తరమ్మా. ఎవరికేమిచ్చిన్నో ఎట్ల యాదుంటది? ఈ కంపెనీ గోలీలు అన్ని షాపులల్ల దొరుకుతయి."

"మూడూ ఒక్కటే మందంట. డాక్టరమ్మ చెప్పింది. నీకు తెల్వదా?"

"తెలుసు. షాపు పెట్టినోనికి తెల్వదా?"

"తెలిసి మూడూ ఎట్లిచ్చినవు?"

"నువ్వు ఒకరోజు జ్వరమన్నవు, ఒకరోజు పడిశం అన్నవు. అడిగింది ఇచ్చిన. ముందటివి ఆపినవో, వేస్తున్నవో నేను మీ ఇంటికొచ్చి చూస్తనా?" తనకు ఏమీ యాది లేదని అన్న మనిషి ఇప్పుడు ఆమె వేర్వేరు రోజుల్లో ఏమడిగిందో చెప్పాడని అతను గమనించలేదు. రఘుపతి గమనించాడు. ఏదో అనబోతే పూలమ్మ చేత్తో ఆపింది.

"దాని మీదనే రాసి ఉంటది" అన్నాడు విజయేంద్ర, పక్కనున్న వాళ్లకు కూడా వినబడేలా. "ఎన్ని వేసుకోవాలె, ఎంత దాటొద్దు అని కంపెనీవాళ్లు ముద్ర కొట్టిస్తరు. చదువుకుని వేసుకోవాలె. చదువుకోకుండ ఇష్టమొచ్చినట్టు మింగి, మల్ల షాపు మీద పడితే ఎట్ల?"

"ఏ భాషల రాసి ఉంటది?"

"ఇంగ్లీషుల."

"మరి నాకెట్ల తెల్వాలె?"

"తెల్వకుంటె అడగాలె."

"అడిగిన" అంది పూలమ్మ.

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అయినా షాపులో అందరూ విన్నారు.

"శుక్రారం నాడు అడిగిన. ఎర్ర షీటు చేతుల పట్టుకుని, ఇంట్ల తెల్లయి ఉన్నయి, పసుపుయి ఉన్నయి, అన్ని ఎయ్యాల్నా సారూ అని అడిగిన. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు గూడ రాదు. నాకు వచ్చింది అడుగుడొక్కటే. అదొక్కటి నేను జేసిన. నువ్వు ఏమన్నవో చెప్పు."

"నేనేమీ అనలె. నువ్వు అడగలె."

"నా మొగని పానం మీదికొచ్చింది. నేనే సంపబోయిన్నంటున్నరు. నీకు గా మాట గూడ ఇననట్టే ఉన్నదా?"

"చూడమ్మా, మీ ఇంటి పంచాయతీ నా షాపుల పెట్టకు. కొలువు కోసం మీరేం జేసుకున్నరో నాకేం తెలుసు?"

రఘుపతి కౌంటరు మీదికి వంగాడు. పూలమ్మ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అప్పటిదాకా మూలన కుర్చీలో పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అనంతరామ్ లేచాడు. డెబ్బై దాటిన మనిషి. బల్ల దాకా నడిచి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని మూడు ముక్కలనూ చూశాడు. ఎర్ర ముక్కను చేతిలోకి తీసుకుని, బల్ల కింది సొరుగు లాగాడు.

"నాన్నా, నువ్వు కూర్చో" అన్నాడు విజయేంద్ర.

ఆయన కూర్చోలేదు. సొరుగులో కత్తిరించిన షీట్ల మధ్య వెతికి ఒక ముక్క తీశాడు. దాన్ని పూలమ్మ తెచ్చిన ముక్క పక్కన పెట్టాడు. కత్తెర వంకరగా పోయిన చోట రెండు అంచులూ సరిగ్గా అతికాయి.

"ఇది కత్తిరించింది నేను" అన్నాడు. "గడువు తేదీ ఉన్న ముక్క మన దగ్గరే మిగలాలని మావాడు చెప్పాడు. అందుకని రాత ఉన్న వైపు సొరుగులో వేసి, రాత లేని వైపు ఈమె చేతిలో పెట్టాను."

రఘుపతి ఆ సొరుగు ముక్కను అందుకున్నాడు. వెనక ఎర్ర అక్షరాలు, చీమల్లా ఉన్నాయి. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, తల్లికి తెలుగులో చెప్పాడు.

"రోజు మోతాదు దాటితే కాలేయం బాగ ఖరాబయితదని ఉన్నది అవ్వా."

"మల్ల సదువు."

వాడు మళ్లీ చెప్పాడు. కౌంటరు దగ్గరున్న ఒకామె తన చేతిలోని చిన్న కవరు విప్పి, అందులోని గోలీలు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టింది.

"ఈమె అడిగింది విజయేంద్రా" అన్నాడు అనంతరామ్. "రెండుసార్లు అడిగింది. నువ్వు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నావు. తలెత్తకుండా 'అన్నీ వెయ్యి, వెయ్యి' అన్నావు. నేను ఇక్కడే ఉన్నాను. నాకూ తెలియదు ఆ మూడూ ఒకటేనని. తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"లైసెన్సు పోతది నాన్నా."

"పోవచ్చు."

"నీకు నీ కొడుకు కన్న వీళ్లెక్కువనా?"

అనంతరామ్ ఎర్ర ముక్కను కొడుకు ముందుకు జరిపాడు. "ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. నాలుగూ మూడూ మూడూ కలిపితే ఎంతో నువ్వు ఆ రోజు ఒక్క నిమిషం ఆగి చూడలేదు. ఇప్పుడు ఈమెకు చదువు రాకపోవడమే తప్పని నిలబెడుతున్నావు."

షాపు పేరున్న కాగితం ఒకటి తీసుకుని, నిలబడే రాశాడు. ఏ రోజు ఏ గోలీ ఇచ్చారో, ఎన్ని వేయమన్నారో, పూలమ్మ ఏమడిగిందో, కొడుకు ఏమన్నాడో రాసి కింద సంతకం పెట్టాడు. కాగితం ఆమెకిస్తూ, "నన్ను క్షమించమని ఇప్పుడే అడగను తల్లీ" అన్నాడు. "ముందు ఆయన లేచి కూర్చోనీ."

పూలమ్మ ఆయనకు దండం పెట్టింది. విజయేంద్ర వైపు తిరిగింది.

"నువ్వు గోలీ అమ్ముకో సారూ, నేనొద్దనను. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. అన్ని ఒక్కటే పూలమ్మా, ఒక్కటే ఎయ్యి అంటే అయిపోతుండె. గా మాట చెప్పుటానికి నీకు తీరలె. ఇయ్యాల నన్ను మొగణ్ని సంపేదానివని అనుటానికి తీరింది."

తిరిగి దవాఖానకు చేరేసరికి మూడున్నర అయింది. దారి పొడుగునా ఆమె కాగితాన్ని కొంగులో కాదు, చేతిలోనే పట్టుకుంది. మెట్ల మీద శివ ఎదురయ్యాడు. కిందికి దిగుతున్నాడు. చంకలో ఫైలు ఉంది.

"దొరికింది బిడ్డా. పంతులు సారు రాసిచ్చిండు" అంది పూలమ్మ ఆయాసపడుతూ.

శివ కాగితం తీసుకోలేదు. ముఖం ఇబ్బందిగా పెట్టాడు. "ఇగ దానితోని పని లేదు అవ్వా. రాజం కాక తెలివిలకు వచ్చిండు. స్టేట్‌మెంటు ఇచ్చిండు. నీ మీద ఏమీ లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

"ఏమని ఇచ్చిండు?"

అతను ఫైలు తెరిచి చదివాడు. "ఒళ్లు నొప్పులు ఓర్చుకోలేక, బతుకు మీద విరక్తి పుట్టి, ఇంట్లో ఉన్న గోలీలన్నీ నాకు నేనే ఒక్కసారి మింగాను. నా భార్యకు, నా కొడుక్కు ఏమీ తెలియదు. వాళ్ల తప్పు ఏమీ లేదు." కింద రాజం సంతకం, వంకరగా.

పూలమ్మ మెట్లు ఎక్కి వార్డులోకి వెళ్లింది. శివ, రఘుపతి వెనకే వెళ్లారు. రాజం కళ్లు తెరిచే ఉన్నాడు. ఆమెను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఎందుకు చెప్పినవు గట్ల?"

"అక్క చెప్పింది. పోలీసోళ్లు నిన్ను తీస్కపోతరని." "నేను ఎట్లనన్న బతుకుత, లేకుంటె పోత. నువ్వు జైలుకు పోతే పిల్లగాడు ఏమైతడు? నువ్వేం మాట్లాడకు పూలీ. అయిపోయింది."

"అయిపోలె." ఆమె మంచం పట్టె పట్టుకుంది. "నా మీద పడ్డ అబద్ధాన్ని ఇంకో అబద్ధంతోని తుడుస్తవా? ఇయ్యాల్టి నుంచి లైనంత ఏమంటరు? పూలమ్మతోని బతకలేక రాజం సావబోయిండు అంటరు. ఆ షాపోడు రేపు పొద్దుగాల ఇంకొకలకు షీటు కత్తిరిస్తడు. వాని మీద ఒక్క అక్షరం లేకుంట జేసినవు."

రాజం కళ్లు మూసుకున్నాడు. పచ్చని రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి. పూలమ్మ వాటిని తుడవలేదు. శివ వైపు తిరిగింది.

"మా ఇంటాయన అబద్ధం చెప్పిండు. మల్ల రాసుకో."

శివ ఫైలు మీద చేయి పెట్టి నిలబడ్డాడు. "అవ్వా, జెర ఆలోచించుకో. ఇప్పుడు కాక ఇచ్చిన ఈ కాగితమే నిన్ను కాపాడుతది. కాక తనంత తాను మింగలేదంటే, నువ్వు ఇచ్చినట్టయితది. నా పైన ఎస్సై సారున్నడు. ఆ పంతులు సారు కాగితం ఆయన నమ్ముతడో లేదో నాకు తెల్వదు. రేపు ఆ ముసలాయన కొడుకు మాట ఇని మారిస్తే నీకు ఎవరున్నరు? చెప్పినంక నేను వెనక్కి తీసుకోలేను."

"అవ్వా, ఒద్దు" అన్నాడు రఘుపతి.

మంచం మీద రాజం చేయి లేచింది. సెలైన్ గొట్టం లాగినట్టయి నర్సు పరుగెత్తుకొచ్చింది.

పూలమ్మ వాళ్లిద్దరినీ చూడలేదు. ఆ ఐదారు రోజులు పూట తప్పకుండా, జావ చల్లార్చి, ఒక్కో గోలీ చేతిలో పెట్టి, నీళ్లు తాగించి, మింగాడో లేదో నోరు తెరిపించి చూసింది తను. అందులో దాచుకోవాల్సింది ఏమీ కనబడలేదు ఆమెకు.

"రాసుకో బిడ్డా" అంది. "గోలీలు నేనే ఏసిన. నా చేతులతోని ఏసిన."

వార్డు తలుపు దగ్గర ఏదో కింద పడిన చప్పుడైంది. కాలనీ నుంచి నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన కనకవ్వ అక్కడ నిలబడి ఉంది. ఆమె చేతిలోని టిఫిన్ గిన్నె నేల మీద దొర్లుతోంది. వాళ్లు విన్నది ఆ ఆఖరి మాట ఒక్కటే.